సముద్రం మీంచి గట్టుకొచ్చిన మబ్బు

ఇది ఒక మహాగాథ. ఇందులో శనిగ్రహం ఉంది. దాని చుట్టూ తిరిగే టైటాన్ అనే పెద్ద చందమామ ఉంది. అక్కడ నీళ్ళకి బదులు మీథేన్ నిండిన సముద్రాలున్నాయి, వాటి మీద పట్టిన మబ్బుంది, ఆ మబ్బు కోసం యవ్వనమంతా ధారపోసిన ఒక వీరవనిత ఉంది. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

గగుర్పొడవదు. ఊరికే అన్నాను. ఇది అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కగదిలో, ముగ్గురు మనుషులు రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని కంగారుపడిన కథ. కంగారు మాత్రం నిజం. అది మీకు కావలసినంత దొరుకుతుంది.

ఇప్పుడు అదే కాలేజీలో చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు 'పరిశోధనారంగంలో మీ అనుభవాలు రాయండి' అని అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను ఆ రంగం నుంచి రిటైరయ్యాను. రిటైరయ్యేనాటికి నాకు ఇరవై ఏడేళ్ళు. సన్మానమూ శాలువా ఏవీ జరగలేదు. గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళమన్నారు, ఇచ్చేసి వెళ్ళాను.

నా ఉద్యోగం పేరు ప్రాజెక్ట్ అసిస్టెంట్. చేయవలసిన పని టైటాన్ మీద మబ్బులు వెతకడం. శని చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి, చివరికి ఆ శనిలోనే పడి కాలిపోయిన ఒక అంతరిక్ష నౌక పంపిన ఫొటోలు గుట్టలుగా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. కొత్తపేటలో మా వీధివాళ్ళు "ఏం చేస్తన్నావురా అబ్బాయ్?" అంటే "శని దగ్గర పని" అనేవాణ్ణి. "అయ్యో, శాంతి చేయించుకోకపోయేవా?" అనేవారు. జీతం సంగతి చెప్పాక ఆ సలహాలో నిజం లేకపోలేదని నాకూ అనిపించేది.

మా ముగ్గురిలో పెద్దాయన సారు. ఫిజిక్సు డిపార్టుమెంటు హెడ్. రాజోలు వైపు పంతుళ్ళ కుటుంబం. తాతగారు మిషన్ బడిలో, నాన్నగారు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. మర్యాద ఆయనకి వారసత్వంగా వచ్చిన ఆస్తి. ఫస్టియర్ కుర్రాళ్ళని కూడా "అండీ" అనేవారు. ఎంత చెడ్డవార్త చెప్పినా ముందు "ఆయ్" అని ఒప్పుకున్నాకే బాధపడేవారు. "సార్, యూపీఎస్ కాలిపోయిందండి" అంటే "ఆయ్, కాలిపోయిందాండీ" అనేవారు. కంగారు మాటల్లో తెలిసేది కాదు. చేతిలో పెన్ను మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. ఆ చప్పుడును బట్టి పరిస్థితి ఎంత దిగజారిందో నేను అంచనా వేసుకునేవాణ్ణి.

రెండో మనిషి అక్క. సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. అంతర్వేది వైపు పడవల కుటుంబం. వాళ్ళ నాన్న ఇప్పటికీ వేటకి వెళ్తాడు. ఈ కథలో ప్రాణం మీదకి వచ్చింది ఆమెకే. పీహెచ్‌డీ గడువు ఒకసారి అయిపోయింది, ఒకసారి పొడిగించారు. రెండోసారి పొడిగించాలంటే యూనివర్సిటీ నుంచి కమిటీ వచ్చి, చెప్పుకోదగ్గ ఫలితం ఏదైనా ఉందా అని చూడాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నేళ్ళ పనీ తుడిచిపెట్టుకుపోయినట్టే. ఈ సంగతి అక్క నాకు ఒక్కసారే చెప్పింది. "రద్దయితే ఏం చేస్తావక్కా?" అని నేనడిగితే, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ట్యాంకు పొర్లిపోతంది, మోటారాపు" అంది. నేను వెళ్ళి మోటారు ఆపాను. మళ్ళీ అడగలేదు.

సైన్సు కొంచెం చెప్పాలి, తప్పదు. టైటాన్‌కి ఒళ్ళంతా పొగమంచు. మామూలుగా ఫొటో తీస్తే బత్తాయి పండులా కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. అందుకని నౌక కెమెరాలో ఒక చక్రం, ఆ చక్రానికి రకరకాల అద్దాలు బిగించారు. వాటినే ఫిల్టర్లంటారు. ఒక ఫిల్టర్‌లోంచి తీస్తే పొగని దాటుకుని కిందనున్న మబ్బూ, నేలా మసగ్గా కనిపిస్తాయి. ఇంకో ఫిల్టర్‌లోంచి తీస్తే పైన పొగ ఒక్కటే కనిపిస్తుంది, ఉత్త బోడి బంతి. మొదటి బొమ్మలోంచి రెండో బొమ్మని తీసివేస్తే పొగ పోతుంది. మిగిలినదాంట్లో తెల్లగా ఉండి కదలనిది నేల, తెల్లగా ఉండి కదిలేది మబ్బు. అంతే సైన్సు. మిగతాదంతా ఫైలు ఎప్పుడు దిగుతుందా అని స్క్రీన్ కేసి చూడటం.

ఫైళ్ళు రెండు రకాలుగా దొరికేవి. కెమెరా లోపాలన్నీ దిద్ది శుభ్రం చేసినవి ఒక రకం, చాలా బరువు. నౌక పంపినవి పంపినట్టే ఉన్నవి ఇంకో రకం, తేలిక. మా కాలేజీ నెట్టు మోయగలిగింది తేలికవాటినే. "ముందు వీటితో వెతుకుదామండి. మబ్బు దొరికేక మంచివి దింపుకోవచ్చు" అన్నారు సారు. ఎంతో సబబుగా వినిపించింది. దొరికాక మంచివి దింపే ఓపిక ఎవరికుంటుందో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

దొరికింది.

ఒక మధ్యాహ్నం అక్క "ఒరేయ్, ఇలా రా" అంది. ఆ గొంతులో తేడా వినిపించి నేను కుర్చీతో సహా జరిగి వెళ్ళాను. ఉత్తరధ్రువం దగ్గరి సముద్రం మీద, నల్లటి మీథేన్ మధ్యలో తెల్లటి మచ్చ. తర్వాతి బొమ్మలో అది ఒడ్డు దగ్గర. ఆ తర్వాతి బొమ్మలో ఒడ్డు దాటి నేల మీద. మూడు బొమ్మలూ వరసగా తిప్పితే, మచ్చ సముద్రం మీంచి నింపాదిగా గట్టెక్కుతోంది. ఆ చోట మబ్బు చూశామని అప్పటిదాకా ఎవరూ రాయలేదు.

సారు వచ్చారు. పెన్ను మూత ఊడింది.

"మబ్బేనంటారా అమ్మా?"

"కదుల్తోంది కదా సార్."

"ఆయ్. కదుల్తోందండి." మూత పెట్టారు. తీశారు. "కదుల్తోంది గానండీ... మబ్బేనంటారా?"

అక్క కాసేపు ఆలోచించి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. నేను తమాషాకి చేస్తోందనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు.

"నాన్నా, సముద్రం నడిమధ్యన తెల్లగా ఒకటి పట్టింది. తర్వాత ఒడ్డు కాడికొచ్చింది. ఆ తర్వాత గట్టెక్కింది. ఏమంటావ్?"

"ఎక్కడమ్మా? మన మొగ కాడేనా, గోదారి కలిసే చోట?"

"ఇంకా చాలా దూరం."

"ఎంత దూరవైనా, సముద్రమ్మీంచి గట్టుకొత్తే మబ్బేనమ్మా. ఇంకేటుంటది?" ఆయన గొంతులో ఒక్కసారిగా కంగారు వినిపించింది. "ఏమ్మా, పడవ తియ్యొద్దంటావా?"

"తియ్యొచ్చు నాన్నా. అది మనవైపు రాదు."

"ఆయ్, అలాగైతే సరే."

మా పొరపాటంతా ఇక్కడే ఉంది. ఇంకో చోటివాళ్ళయితే ఇలా పడేవారు కాదేమో. కోనసీమలో పుట్టినవాడికి సముద్రం వైపు నుంచి గట్టుకి రావడమంటే అలవాటైన విషయం. గాలి అటు నుంచే వస్తుంది, వాన అటు నుంచే, తుఫానూ అటు నుంచే. ఆ మచ్చ గట్టు మీంచి సముద్రంలోకి వెళ్ళి ఉంటే మేం ముగ్గురం అక్కడికక్కడే అనుమానపడి, తలకిందులుగా తపస్సు చేసైనా మంచి ఫైళ్ళు దింపి చూసేవాళ్ళం. అది మేం ఎరిగిన దారిన వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుర్తింపు కార్డు అడుగుతామా? లోపలికి రమ్మన్నాం.

కమిటీ వచ్చే రోజు ఖాయమైంది. అప్పటి నుంచి అక్క తిండి తగ్గింది, సారు పెన్నులు మారాయి, నా జోకులకి నవ్వడం ఇద్దరూ మానేశారు. భయమేస్తే నేను జోకులేస్తాను. ఆ రోజుల్లో నేను వేసినన్ని జోకులు ఎన్నడూ వేయలేదు. "అక్కా, అది నిజంగా మబ్బైతే మనకి కాలేజీకి సెలవిస్తారా?" అంటే ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. పదేపదే ఆ మూడు బొమ్మలే తిప్పుకునేది. మచ్చ అక్కడే ఉందా, పోయిందా అని పొయ్యి మీద పాలు చూసుకున్నట్టు చూసుకునేది.

సంగతి కాలేజీ కరస్పాండెంటు గారి దాకా వెళ్ళింది. ఆయన రుజువుల జోలికి వెళ్ళలేదు, నేరుగా ఫ్లెక్సీ కొట్టించారు. కమిటీ వచ్చే రోజు పొద్దున్న గేటు మీద కట్టారు. 'శనిగ్రహ సీమలో మేఘమును కనుగొన్న మా విద్యార్థిని' అని పెద్ద అక్షరాలు. ఒక మూల అక్క, ఇంకో మూల మచ్చ, మధ్యలో కరస్పాండెంటు గారు నమస్కారం పెడుతూ. ఆయన తల శనిగ్రహం కంటే పెద్దది. అక్క ఆ ఫ్లెక్సీ కింద నుంచి తల వంచుకుని లోపలికి వచ్చింది. సిగ్గు వల్ల కాదు, మరీ కిందకి కట్టారు.

కింద సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టాం. తెర లేదు, తెల్లగోడే తెర. రావులపాలెం దాటామని కమిటీ కారు నుంచి ఫోనొచ్చింది.

"మొదటి స్లైడులో నౌక పంపినవి పంపినట్టే చూపిద్దామండి. మనం దాచేదేం ఉంది?" అన్నారు సారు. అప్పటిదాకా మేం పచ్చి బొమ్మల్ని అలా ఒకదాని వెనక ఒకటి తిప్పి చూసిందే లేదు. ముందు ప్రతిదాన్నీ జరిపి, చందమామని ఫ్రేముకి సరిగ్గా మధ్యలోకి తెచ్చి, ఉత్తరం పైకి తిప్పి, తీసివేతలు చేసి, ఆ తర్వాతే చూసేవాళ్ళం. ఇక బోడి బంతి బొమ్మలనయితే అసలు ఎవరూ చూసేవారు కాదు. ఏమీ లేని బొమ్మలో ఏం చూస్తారు?

అక్క బోడి బంతి బొమ్మ వేసింది.

"గోడ మీద మరకుందండి" అన్నారు సారు. "ఏమనుకోకుండా కొంచెం తుడుస్తారా?"

బంతి అంచుకి కొంచెం లోపల, వేలెడంత నల్లటి మరక. నేను తడిగుడ్డ తెచ్చి బల్ల ఎక్కి తుడిచాను. పోలేదు.

"కొంచెం గట్టిగా తుడవండి."

గట్టిగా తుడిచాను. సున్నం ఊడింది గానీ మరక పోలేదు. అక్క తర్వాతి బోడి బంతి వేసింది. చందమామ ఫ్రేములో కాస్త పక్కకి జరిగింది. మరక నా గుడ్డ కిందే ఉంది.

"గోడదేనండి సార్, కదల్లేదు" అన్నాను, ఎంతో పరిశోధన చేసినవాడిలా.

అక్క ఇంకో ఫిల్టర్ బొమ్మ వేసింది. మరక మాయమైంది.

"పోయిందండి!" అన్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తి నా మొత్తం పరిశోధనా జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

అక్క మళ్ళీ బోడి బంతి వేసింది. మరక వచ్చింది. అదే చోట. సారు చేతిలో పెన్ను మూత ఆగిపోయింది.

"ప్రొజెక్టర్ ఆపు" అంది అక్క.

ఆపాను. సున్నం ఊడిన చోటు తప్ప గోడ శుభ్రంగా ఉంది.

ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. మీకు మాత్రం చెప్పాలి కదా. ఆ రెండో ఫిల్టర్ అద్దం మీద ఎక్కడో ఒక దుమ్ముకణం ఉంది. ఆ అద్దంలోంచి తీసిన ప్రతి బొమ్మలోనూ ఒకే చోట నల్లటి మరక పడుతుంది. ఆ బొమ్మని మేం తీసివేస్తున్నాం. నలుపుని తీసివేస్తే అక్కడ తెలుపు మిగులుతుంది. అదే మా మబ్బు. నౌక గురి అటూ ఇటూ అవడంతో చందమామ ఫ్రేములో జరుగుతుంటే, మేం ప్రతిసారీ దాన్ని మధ్యలోకి లాగాం. కదలని మరక కదిలినట్టయింది. మిగతా ఫొటోల్లో అది పక్కనున్న నల్లటి ఆకాశంలో కలిసిపోయింది. ఈ మూడింట్లో మాత్రం చందమామ మీద పడింది. పడినది సముద్రం మీంచి గట్టుకొచ్చినట్టు పడింది. శుభ్రం చేసిన ఫైళ్ళలో ఆ మరక అసలు ఉండేదే కాదు.

అక్క ముందు బెంచీ మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. సారు చాలాసేపటికి "ఆయ్" అన్నారు. ఆ 'ఆయ్' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఫోను మోగింది. నేను ఎత్తాను. "కొత్తపేట దగ్గరున్నారటండి. పలివెల గుడిలో దర్శనం చేసుకుని వస్తారట" అని సారుకి చెప్పాను.

పలివెలలో వెలసిన ఆ ఉమా కొప్పులింగేశ్వరుడికి నేనెన్నడూ అంత మనసారా దణ్ణం పెట్టలేదు.

సారు ఒక్కసారిగా లేచారు. "ఫ్లెక్సీ దింపించు" అన్నారు నాతో. ఆయన నోట 'అండీ' లేని మాట వినడం అదే మొదలు. ఆయనకీ తెలిసినట్టుంది. "దింపించండి" అని దిద్దుకున్నారు.

నేను గేటు దాకా పరిగెత్తి, వాచ్‌మన్‌తో కలిసి ఫ్లెక్సీ విప్పి, కరస్పాండెంటు గారి మొహం లోపలికి వచ్చేలా మడతపెట్టి వచ్చేసరికి అక్క లాప్‌టాప్ ముందు ఉంది. గబగబా స్లైడ్లు తీసేస్తోంది.

"మిగతా బొమ్మల్లో ఏం కనపడిందిరా మనకి?" అంది తలెత్తకుండా.

"ఏమీ కనపడలేదక్కా. అందుకే కదా ఈ మూడింటిని పట్టుకు వేలాడేం."

"అన్ని బొమ్మల్లోనూ ఏమీ లేదు. అంతేనా?"

"అంతే."

"అక్కడ అప్పుడు ఎండాకాలం మొదలవుతోంది. లెక్కలు కట్టినోళ్ళందరూ ఆ సముద్రం మీద మబ్బులు పట్టాలన్నారు. మనకి పట్టలేదు." టైపు చేసిన ప్రతి రెండో అక్షరం తప్పు పడుతోంది. "ఇదొక్కటే ఉంది. ఇదే చెప్తాను."

"ఒప్పుకుంటారా?"

"నాకేం తెల్సురా!" అని అరిచింది. తర్వాత మెల్లిగా, "నువ్వు జోకేదైనా వెయ్యి" అంది.

నాకు ఒక్కటీ తట్టలేదు.

కమిటీలో ఇద్దరు. ఒకాయన కూర్చోగానే ఏసీ గురించి అడిగి, లేదని తెలిసి, మళ్ళీ నోరు విప్పలేదు. రెండో ఆవిడ పెద్ద ప్రొఫెసరు. నుదుట గుడి కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం. ముందు వరసలో కరస్పాండెంటు గారు బొకే పట్టుకుని కూర్చున్నారు.

అక్క లేచి నిలబడింది.

"నమస్కారమండి. మబ్బు దొరికిందని మీకు రాసేమండి. అది మబ్బు కాదండి. కెమెరా అద్దం మీద దుమ్మండి."

కరస్పాండెంటు గారి బొకే మెల్లిగా ఒళ్ళోకి దిగింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నారు ప్రొఫెసరు మేడం.

"ఇందాకేనండి. మీరు పలివెలలో ఉన్నప్పుడు."

"ఎలా తెలిసింది?"

"గోడ తుడిచేమండి" అన్నారు సారు, వెనక నుంచి. మేడం గోడ వైపు చూశారు. సున్నం ఊడిన చోటు చూశారు. నా చేతిలో ఇంకా ఉన్న గుడ్డని చూశారు.

అక్క మూడు బొమ్మలూ, మరకా, తీసివేతా అన్నీ చూపించింది.

"సరే. మరిప్పుడు నీ దగ్గర ఏం మిగిలింది?"

"ఖాళీ ఆకాశమండి. రావాల్సిన మబ్బు రాలేదండి."

"రాలేదా, నీకు కనపడలేదా? రెండూ వేరమ్మా."

అక్క గోడ మీది బొమ్మ వైపు ఒకసారి తిరిగి చూసింది. "పెద్దదైతే కనపడేదండి. చిన్నదైతే చెప్పలేనండి. శుభ్రం చేసిన ఫైళ్ళతో మొత్తం మళ్ళీ చెయ్యాలండి."

"ఎంతకాలం పడుతుంది?"

"మా నెట్టుని బట్టండి."

మేడం నవ్వలేదు. తలుపు వేసుకుని మాట్లాడుకుంటామన్నారు. మేం ముగ్గురం వరండాలో నిలబడ్డాం. లోపల కుర్చీ జరిపిన చప్పుడైనప్పుడల్లా ముగ్గురం తలుపు వైపు తిరిగేవాళ్ళం. ఇంతలో అక్క ఫోను మోగింది. వాళ్ళ నాన్న.

"ఏమ్మా, మీ మబ్బేమైంది?"

"మబ్బు కాదు నాన్నా. దుమ్ము."

"దుమ్మా? సముద్రమ్మీంచి దుమ్మెలా వత్తదమ్మా?"

"కెమెరా అద్దం మీదుంది."

"మరి నీ సంగతేంటి?"

"లోపల మాట్లాడుకుంటన్నారు."

"ఆయ్." "ఉంటానమ్మా. వలలారేసేం, ఇక్కడ నిజం మబ్బు పట్టింది."

అక్క నవ్వింది. నవ్వు మధ్యలో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారు గోడకున్న నోటీసు బోర్డులో పాత టైంటేబుల్ చదవడం మొదలుపెట్టారు. తలుపు తెరుచుకునేదాకా చదువుతూనే ఉన్నారు.

మేడం బయటికి వచ్చి, "వచ్చే వేసవి దాకా పొడిగిస్తున్నాం. అన్నీ శుభ్రం చేసిన ఫైళ్ళతోనే. ఒక్కటి కూడా తేలికది వాడకూడదు" అన్నారు. అక్క "ఆయ్" అంది. సారూ "ఆయ్" అన్నారు. నేను కూడా అన్నాను, నన్నెవరూ అడగకపోయినా. బొకేని ఏం చేయాలో తెలియక కరస్పాండెంటు గారు మేడం చేతిలోనే పెట్టేశారు.

ఆ తర్వాత నెలల తరబడి పెద్ద ఫైళ్ళు దింపాం. కాలేజీ నెట్టు అయిపోతే నా ఫోన్ నెట్టు, అదీ అయిపోతే అక్క ఫోన్ నెట్టు. ఒక్కో ఫైలు తెరిచినప్పుడల్లా అందులో ఒక మబ్బు కనిపించి, మేడం ముందు చెప్పిందంతా కొట్టుకుపోతుందేమోనని భయపడుతూనే తెరిచాం. మబ్బు కోసం వెతికినన్నాళ్ళూ రాదేమోనని భయం, లేదని చెప్పాక వస్తుందేమోనని భయం. కనిపించలేదు. ఇంతలో నా ప్రాజెక్టు కాలం ముగిసింది, తాళంచెవి ఇచ్చేశాను. అక్క థీసిస్ రాసింది. రావాల్సిన మబ్బులు ఆ ఏళ్ళలో ఆ సముద్రం మీదకి రాలేదని, ఎంత పెద్దవైతే తప్పక కనపడేవో లెక్కతో సహా నిరూపించింది. మౌఖిక పరీక్షకి ఆ మేడమే వచ్చారు. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు అక్క మీకు ఫిజిక్సు చెప్తోంది, కాబట్టి ఆమె గురించి ఇంతకంటే రాయడం మీ ఇంటర్నల్ మార్కులకి మంచిది కాదు.

ఇక్కడ ఖాళీ ఆకాశం గురించి నాలుగు గొప్ప మాటలు రాద్దామని కూర్చున్నాను. పొద్దున్నుంచి కూర్చున్నాను. దాని బదులు మీలో ఎవరికైనా పనికొచ్చేది చెప్తాను. థీసిస్ అట్ట మెరూన్ రంగు రెక్సిన్‌తోనే ఉండాలి. అమలాపురంలో బైండింగు చేసేచోట ఆకుపచ్చే ఉంటుంది. మెరూన్ కావాలంటే రాజమండ్రి వెళ్ళాలి, ఆదివారం కొట్టు తీయరు.